బండ మీద చివరి వరుస

పోయిన నెల సూర్యాపేటలో నాకు శాలువా కప్పారు. ఒక చిన్న గ్రంథాలయం వాళ్ల వార్షికోత్సవం. మైకు పట్టుకున్నాయన నన్ను "ప్రముఖ చరిత్రకారులు" అన్నాడు. నన్ను ఆ మాట అనేవాళ్లు లోకంలో ఇద్దరే ఉన్నారని అప్పటిదాకా నా లెక్క. ఒకరు నేను. రెండోది మిర్యాలగూడలో ఒక తోట గేటు పక్కన పాతిన బండ, దాని మీద ఆ మాట చెక్కించిందీ నేనే. మూడో మనిషి దొరికేసరికి పొంగిపోయి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

అదే సమయానికి జేబులో ఫోన్ మోగింది. కట్ చేశాను. మళ్లీ మోగింది. ఫొటో తీసేవాడు నా వైపే చూస్తున్నాడని మళ్లీ కట్ చేశాను. మూడోసారి మోగాక మాత్రం స్టేజీ దిగి, చెట్టు కిందకు పోయి నేనే చేశాను.

"సార్, నేను తోట అవ్వ మనుమరాలిని. అవ్వ పోయింది సార్. పొద్దుగాల."

"అట్లనా" అన్నాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోటికి ఆ సమయంలో దొరికిన మాట అదొక్కటే. నేరుగా బస్టాండుకు పోయి మిర్యాలగూడ బస్సెక్కాను. శాలువా మడిచి పెట్టుకుందామంటే సంచి తెచ్చుకోలేదు. భుజాన వేసుకునే కూర్చున్నాను. కండక్టర్ టికెట్ ఇస్తూ "సన్మానమా సార్?" అని నవ్వాడు. "కాదు, చావు" అన్నాను. ఆయన చిల్లర నా చేతిలో పెట్టి ముందుకు పోయాడు.

ఆమె పేరు నాకు తెలియదు. ఒకసారి అడిగితే "పేరుతోని నీకేం పని? నీళ్లు పోస్తవా లేదా?" అంది. మళ్లీ అడిగే ధైర్యం చేయలేదు. ఊరంతా అవ్వ అనేది, నేనూ అవ్వ అనే పిలిచాను.

మొదటిసారి చూసింది నేను కోదాడ నుంచి మిర్యాలగూడ కాలేజీకి బదిలీ అయి వచ్చిన రోజున. జూన్ నెలే గానీ ఎండ ఇంకా రోహిణి కార్తెలోనే ఉంది. కిరాయి గది కోసం తిరిగి తిరిగి నాలుక పిడచకట్టుకుపోయింది. కాలువ ఆఫీసర్ల క్వార్టర్స్ మధ్య, ఇనుప కంచె లోపల, పచ్చగా ఒక తోట కనిపించింది. గేటుకు తాళం. పక్కన "అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అని బోర్డు. కానీ లోపల చెట్ల కింద జనం కూర్చుని సద్దిమూటలు విప్పుకుని తింటున్నారు. వీళ్లంతా ఎటునుంచి పోయారా అని కంచె చుట్టూ తిరిగితే, వెనకవైపు ఒకచోట ముళ్లతీగను పైకెత్తి, జారకుండా మేకుకు తగిలించి ఉంది. ఇస్త్రీ ప్యాంటుతో ఆ సందులో పాకాను. లేచి దుమ్ము దులుపుకునేసరికి ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంది. ఎండకు నల్లబడిన మొహం, మోచేతుల పైదాకా తెల్లగాజులు, నడుముకు తాళంచెవి, చేతిలో ఖాళీ బిందె.

"ఎవలు నువ్వు?"

"లెక్చరర్‌ని. కొత్తగా వచ్చాను." గొంతులో కాస్త బరువు పెట్టే చెప్పాను.

"ఏం జెప్తవ్?"

"హిస్టరీ. అంటే చరిత్ర."

"నీడ కావాల్నా?"

"కావాలి."

"అయితే గీ బిందె తీస్కో. గా మూలకు కానుగ చెట్టున్నది, దానికి పొయ్యి."

ఆమెకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "నేను లెక్చరర్‌నండీ" అన్నాను మళ్లీ.

"ఇన్న. అయితే రెండు పొయ్యి."

పోశాను. రెండో బిందె మోస్తున్నప్పుడు నీళ్లు ఒలికి ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. చెట్ల కింద కూర్చున్నవాళ్లు అన్నం తినడం ఆపి మరీ చూశారు. మిర్యాలగూడలో నా ఉద్యోగ జీవితం అట్లా మొదలైంది.

ఆ తోట కథ క్లుప్తంగా చెప్పాలి. క్లుప్తంగా చెప్పడం నాకు చేతకాదని నా దగ్గర చదివిన వాళ్లందరికీ తెలుసు, అయినా ప్రయత్నిస్తాను. కాలువ పనుల కోసం వచ్చిన ఇంజినీర్లకు నాలుగు వరుసల్లో ఇళ్లు కట్టారు. ఆ నాలుగు వరుసల నడుమ చదరంగా మిగిలిన జాగాలో, ఆఫీసర్ల ఇంటివాళ్లు సాయంత్రం పూట తిరగడానికి ఒక తోట వేశారు. ఇంటికో తాళంచెవి. ఊరివాళ్లకు కంచె బయటినుంచి చూసే హక్కు మాత్రం ఉండేది. అవ్వ త్రిపురారం పక్క తండా నుంచి కాలువకు మట్టి మోయడానికి వచ్చింది. మట్టి పని అయిపోయాక చెట్లకు నీళ్లు పోయడానికి పెట్టుకున్నారు. అట్లా ఆమె చేతికీ ఒక తాళంచెవి వచ్చింది.

"మరి జనాన్ని ఎట్లా రానిచ్చేదానివి? ఆఫీసర్లు ఏమీ అనకపోయేదా?" అని తర్వాత ఒకసారి అడిగాను.

"దొరలు పన్నెండుకు అన్నం తిని పండుకుంటరు. నాలుగింటికి లేస్తరు. గా నడుమ తోట మనదే కద" అంది, అందరికీ తెలిసిన సంగతి నేను అడిగినట్టు.

దగ్గరలోనే పెద్ద దవాఖాన. నిడమనూరు నుంచి, పాలకీడు నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి పొద్దున్నే వచ్చినవాళ్లకు డాక్టరు చూసేసరికి పన్నెండయ్యేది. సాయంత్రం పరీక్షల కాయితాలు ఇచ్చేదాకా ఎండలో ఎక్కడ కూర్చోవాలి? కడుపుతో ఉన్నవాళ్లు, పొట్టమీద చెయ్యి పెట్టుకుని నడిచే ముసలివాళ్లు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, అంతా ఆ ముళ్లతీగ సందులోంచి వచ్చేవాళ్లు. మనిషికి ఒక బిందె నీళ్లు. బాలింతలకూ జ్వరంతో ఉన్నవాళ్లకూ మాఫీ. అబద్ధపు జ్వరాన్ని ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి పట్టేసేది, ఆ సంగతి నాకు సొంత అనుభవం మీద తెలుసు.

ఆ తోటంతా అట్లా దవాఖానకు వచ్చినవాళ్లు పోసిన నీళ్లతోనే పెరిగింది. ఆఫీసర్లు మాత్రం తమ పర్యవేక్షణ వల్ల పెరుగుతోందని అనుకునేవాళ్లు.

అవ్వ ఎప్పుడూ బెంచీ మీద కూర్చోగా చూడలేదు. చెట్టు మొదలు దగ్గర గొంతుక్కూర్చుని వేలు మట్టిలోకి దించేది. తీసి చూసి, ఆ చెట్టుకు ఎన్ని బిందెలో చెప్పేది. మాతో తెలుగులో మాట్లాడినా చెట్లతో మాత్రం తండా మాటే. తిడుతోందో ముద్దు చేస్తోందో నాకు తెలిసేది కాదు. ఒక పొగడ చెట్టును అప్పుడప్పుడు అరచేత్తో చెళ్లున కొట్టేది. ఎందుకని అడిగితే "ఊకెనే" అనేది. నేను నీళ్లు పోస్తుంటే వెనక నిలబడి చూసేది. ఎన్నేళ్లయినా నా పని ఆమెకు నచ్చలేదు.

"మొదట్ల పోస్తవేంది సారూ? మొదట్ల పోస్తే తాగది. వేరు దూరంగ ఉంటది, నీడ యాడిదాంక వడ్తదో ఆడ పొయ్యాలె. గింత సదివినవ్, గిది తెల్వదా?"

తెలియదు. పట్టా పుచ్చుకున్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

ఏళ్లు గడిచాయి. కాలువ పనులు తగ్గి ఆఫీసర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. క్వార్టర్స్ పైకప్పులు కూలాయి. తాళంచెవులన్నీ ఎక్కడెక్కడికో పోగా ఒక్క అవ్వదే మిగిలింది. చివరికి తోటను ఊరికి అప్పగించారు. చూసుకోవడానికి ఒక కమిటీ పడింది. అందులో అందరూ పొద్దున్నే నడిచేవాళ్లు. అధ్యక్షుడు ఒక రైస్‌మిల్లు యజమాని, డాక్టరు చెప్పాడని రోజూ ఎనిమిది చుట్లు తిరిగే మనిషి. కొత్త కంచె, కొత్త గేటు, నడవడానికి రంగు రాళ్ల దారి. పచ్చిక కోసం పైపులు వేశారు, పాత చెట్ల దాకా ఆ పైపులు పోలేదు. అవ్వను తీసేసే అధికారం ఎవరికుందో తేలకపోవడంతో ఆమెను అట్లాగే ఉంచారు. ఆమె తాళంచెవి మాత్రం తీసేసుకుని, కొత్త గేటుది కొత్తగా పెట్టిన వాచ్‌మన్‌కు ఇచ్చారు.

కొత్త కంచెకు సందు లేదు. గేటుకు వేళలు పెట్టారు. పొద్దున ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. పగలు మూసివేత. ఎవరు పడితే వాళ్లు వచ్చి అన్నాలు తిని పడుకుంటున్నారని కమిటీ బాధ. అంటే తోటను ప్రజలకు తెరిచిన రోజునే, ముప్పై ఏళ్లుగా వస్తున్న ప్రజలకు అది మూతపడింది. చరిత్ర పాఠాలు చెప్పి పెన్షన్ తీసుకుంటున్న నాకు ఈ విషయం అప్పుడు తట్టనే లేదు. ఎందుకంటే ఆ వారం నేను చాలా బిజీగా ఉన్నాను. గేటు దగ్గర పెట్టే బండ మీద తోట చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. దాంతోపాటు కమిటీలో గౌరవ సభ్యత్వం ఇచ్చారు.

రాత్రింబవళ్లు రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. ఇంట్లో మా ఆవిడ కోదాడ మనిషి, మాట అటు విజయవాడ వైపు మొగ్గుతుంది. "ఏవండీ, బండ ఎంత ఉంటుందో కనుక్కున్నారా? మీరు రాసిందానికి కొండ కావాలి" అంది. పట్టించుకోలేదు.

ఒకరోజు అవ్వ మా ఇంటికి వచ్చింది. ఆమె తోట దాటి ఇంకెక్కడికైనా రావడం నేను చూసింది అదొక్కసారే. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"సారూ, బండ మీద నువ్వే రాస్తున్నవంట?"

"అవునవ్వా."

"ఒక్క మాట రాయాలె. పగటి పూట గేటు ముయ్యొద్దని రాయి. బండ మీద రాసినంక ఎవ్వలు కాదంటరు? గీ ఎండకు దవాఖాన కాడి జనం యాడ కూసుంటరు? నీళ్లెవలు పోస్తరు? పొద్దుగాల నడిసేటోళ్లు చెమట పోస్తరు గని నీళ్లు పొయ్యరు."

"రాస్తానవ్వా" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

రాయలేదు. రాయకపోవడానికి నా దగ్గర పెద్ద కారణమే ఉంది. చరిత్రలో జరిగింది చెప్తారు గానీ చేయవలసింది చెప్పరు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అసలు కారణం చిన్నది. రైస్‌మిల్లు అధ్యక్షుడు ఏమనుకుంటాడో అని భయం. చివరికి బండ మీద పడింది ఇది: "ప్రజాశ్రేయస్సే పరమావధిగా, పర్యావరణ పరిరక్షణే ధ్యేయంగా, పలువురు పెద్దల దూరదృష్టి ఫలితంగా రూపుదిద్దుకున్న ఈ ఉద్యానవనము..." అని పదమూడు వరుసలు. అందులో అవ్వ లేదు, దవాఖాన లేదు, బిందె లేదు. ఒక్క చెట్టు పేరు కూడా లేదు. చివర, కాస్త చిన్న అక్షరాల్లో, పద్నాలుగో వరుస. రచన: చరిత్రకారులు ఫలానా. ఆ ఫలానా నేను.

ప్రారంభోత్సవం అయిపోయి అందరూ టీలకు పోయాక, అవ్వ బండ ముందుకొచ్చి నిలబడింది. ఆమెకు చదువు రాదు.

"సదువు సారూ."

చదివాను. పరమావధి, ధ్యేయం, దూరదృష్టి. ఆమె ఓపిగ్గా విన్నది. పదమూడో వరుస అయిపోయింది.

"నేను జెప్పింది ఏది?"

వేలు చూపించి "ఇదిగో, ఇక్కడ" అన్నాను. "చివరి వరుస. 'పగటి పూట గేటు తెరిచి ఉంచవలెను' అని."

"గింత చిన్నగ రాసినవేంది?"

"చివర్లో చిన్నగానే రాస్తారవ్వా. అది పద్ధతి."

ఆమె ఆ వరుస మీద, అంటే నా పేరు మీద, వేలితో అటునుంచి ఇటు తడిమింది. తర్వాత పోయి ఒక నందివర్ధనం పువ్వు కోసుకొచ్చి ఆ వరుస అంచున పెట్టింది. బతికుండగానే నా పేరుకు పువ్వు పెట్టడం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

మర్నాడు పగలు పన్నెండింటికి తోట వాచ్‌మన్ మా ఇంటికి వచ్చాడు. పాలకీడు మనిషి, పేపరు అట్టనుంచి అట్టదాకా చదివే రకం.

"సార్, జర పరేషాన్ అయింది. అవ్వ గేటు తియ్యమంటుంది. బండ మీద రాసున్నది, సారు సదివిండు అంటుంది. గాడ మీ పేరే ఉన్నది కద సార్?"

"ఆమెతో చెప్పావా?"

"చెప్పలే. ముందుగాల మిమ్ములను అడుగుదామని వచ్చిన."

చెప్పొద్దని బతిమాలాను. ముప్పై ఏళ్లు కాపీ కొట్టేవాళ్లను పట్టుకున్న చేతులతో వాచ్‌మన్ చేతులు పట్టుకున్నాను. ఆయనకు జాలేసింది. కాసేపు ఆలోచించి, "ఒక్క దారి ఉన్నది సార్. కమిటీ మెంబర్ లోపల ఉంటే గేటు తీసి పెట్టొచ్చని రూలు. మీరు మెంబరే కద. మీరొచ్చి కూసుంటే నేను తీస్త" అన్నాడు.

ఒక్కరోజే కదా అని పోయాను. గేటు తీశాడు. బయట కంచెవార ఎండలో నిలబడ్డ ఆడవాళ్లు, ముసలివాళ్లు లోపలికి వచ్చారు. అవ్వ బిందెలు అందించింది. నా చేతికీ ఒకటి అందించింది.

ఒక్కరోజు రెండేళ్లయింది. నా అబద్ధం నిలబడాలంటే నేను రోజూ పన్నెండింటి నుంచి నాలుగింటి దాకా ఆ తోటలో ఉండాలి. ఇంట్లో పరిశోధన అని చెప్పాను. "పరిశోధనకు పోతే చొక్కా ఆరుతుంది గానీ ఇట్లా తడుస్తుందా?" అంది మా ఆవిడ. అధ్యక్షుడు ఒకసారి అడిగితే, తోట చరిత్రకు రెండో భాగం రాస్తున్నానన్నాను. ఆయన వెంటనే మాట మార్చాడు. మొదటి భాగం చదివి ఉంటాడని కాదు, రెండోది చదవమంటానేమోనని.

అన్నిటికంటే కష్టం ఇంకొకటి. అవ్వ వారానికి రెండు మూడుసార్లు నన్ను బండ దగ్గరికి పిలిచేది.

"చివరి వరుస సదువు సారూ."

"'పగటి పూట గేటు మూయరాదు' అని ఉందవ్వా."

"మొన్న తెరిచి ఉంచవలెను అని సదివినవ్."

"రెండూ ఒకటేలే."

"బండ ఒకటే కద. మాట దినానికొక తీరు ఎట్లయితది?"

అప్పటినుంచి అబద్ధం మరిచిపోకుండా ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. బండకు ఎదురుగా నిలబడి, జేబులోంచి చీటీ తీసి, దొంగచాటుగా చూసి చదివే చరిత్రకారుడు ఇంకెక్కడైనా ఉన్నాడో లేదో నాకు తెలియదు.

ఒకసారి కోదాడలో మా బావమరిది ఇంట పెళ్లి. రెండు రోజులు పోయాను. తిరిగొచ్చిన మధ్యాహ్నం తోటకు పోతే, కంచె బయట ఇంత జాగాలో నీడ వెతుక్కుని ఒక పచ్చిబాలింత కూర్చుని ఉంది. బిడ్డ మొహం ఎండకు కందిపోయింది. ముందురోజు కూడా అట్లాగే ఎండలో కూర్చుందట. నన్ను చూసి వాచ్‌మన్ గబగబా గేటు తీశాడు. బండ మీద నా వరుస అంచున పువ్వు లేదు.

"నిన్న, మొన్న బండ మీద అచ్చరాలు కనవడలే సారూ" అంది అవ్వ. "ఎండకు కావచ్చు."

బిందె తెచ్చి నా ముందు పెట్టింది. ఆ బాలింత పేరున మూడు బిందెలు నేనే పోశాను. ఏ చెట్టుకు పోయమందో ఆ చెట్టుకే, నీడ పడేంత దూరంలో పోశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత ఏ పెళ్లికీ పోలేదు. సూర్యాపేట సన్మానానికైనా, ఆదివారం దవాఖానలో చూడరు గనుకే ఒప్పుకున్నాను. మా ఆవిడ తరఫువాళ్లు ఇప్పటికీ నాకు పొగరంటారు.

ఇట్లాంటివన్నీ తలుచుకుంటూ, శాలువా భుజానే ఉండగా, తండాకు చేరేసరికి సాయంత్రమైంది. అప్పటికే అన్నీ అయిపోయాయి. ఇంటి ముందు నాలుగైదు కుర్చీలు. మనుమరాలు వచ్చి మంచినీళ్లు ఇచ్చింది. తండా బళ్లో టీచరట.

"నేను మీ దగ్గరనే హిస్టరీ సదివిన సార్. మీకు యాదికుండదు."

లేదు. ఉన్నట్టు తల ఊపాను.

"అమ్మా, ఒక సంగతి చెప్పాలి" అన్నాను. చచ్చిపోయిన మనిషికి చెప్పలేనిది బతికున్నవాళ్లకైనా చెప్పాలనిపించింది. "బండ మీద నేను ఆ మాట రాయలేదు. అవ్వకు అబద్ధం చెప్పాను. ఆ చివరి వరుస..."

"మీ పేరు సార్. అవ్వకు ఎరుకనే."

నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"ఎప్పటినుంచి?"

"మొదటి దినమే. ఆ సాయంత్రమే నన్ను తీస్కపోయి సదివిచ్చుకున్నది. నాకు శానా కోపం వచ్చింది సార్. మిమ్ములను అడుగుత అన్న. వద్దన్నది."

"ఎందుకు?"

ఆ పిల్ల అవ్వ గొంతులోనే చెప్పింది. "'బండ మీద రాసుంటే ఒక్క దినం సూసి ఇడిసిపెడ్తరే. సారుకు సిగ్గున్నది. సిగ్గున్నోడు దినాం వచ్చి గేటు తీపిస్తడు. నా తాళంచెవి గుంజుకున్నరు, ఇగ గాయినే నాకు తాళంచెవి' అన్నది సార్."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కొత్త శాలువాతో మొహం తుడుచుకున్నాను. అది జరీ అంచు, కళ్లకు గీసుకుంది.

"మరి పువ్వు?" అన్నాను. "నా పేరు మీద పువ్వు ఎందుకు పెట్టేది?"

"'పాపం, సారు పేరు ఎవ్వలు సదువుతలేరు. పువ్వు పెడ్తెనన్న అటు దిక్కు సూస్తరు' అనేది."

తిరిగొచ్చాక పదకొండు రోజులు నాలో నేను కొట్లాడుకున్నాను. బండ మీద పద్నాలుగు వరుసలకే జాగా ఉంది. అవ్వ మాట పెట్టాలంటే ఒక వరుస పోవాలి. పదమూడు వరుసల్లో ఏది తీసినా పెద్దలకు కోపం. నా పేరు మాత్రమే నాది. మొదట, పేరును కొంచెం కుదిస్తే రెండూ పట్టవా అని చూశాను. ఇంటిపేరు తీసేసి, చరిత్రకారులు అన్నది ఉంచి, కాయితం మీద కొలతలు వేశాను. పట్టలేదు. మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె కాయితం చూసి, "ఆ ముసలావిడ మీకు రెండేళ్లు నీడ ఇచ్చింది. మీరు ఒక్క వరుస ఇవ్వలేరా?" అంది.

మర్నాడు ఒక రాళ్లు చెక్కే మేస్త్రిని తీసుకుపోయాను. నా పేరులో సిమెంటు నింపి, నున్నగా రుద్ది, దాని మీద కొత్త వరుస చెక్కాడు. "పగటి పూట గేటు మూయరాదు." కమిటీకి చెప్పలేదు. అధ్యక్షుడు రోజూ ఎనిమిది చుట్లు ఆ బండ ముందునుంచే తిరుగుతాడు, ఈరోజుదాకా ఆయన కంటపడలేదు. నా రచన ఎవరూ చదవకపోవడం వల్ల లాభం కలగడం నా జీవితంలో ఇదే మొదలు.

చదివింది వాచ్‌మన్ ఒక్కడే. రెండుసార్లు చదివి, నా మొహం చూసి, "మంచిగున్నది సార్" అన్నాడు.

ఆ మర్నాడు కావాలనే తోటకు పోలేదు. పన్నెండయింది. ఇంట్లో ఇటూ అటూ తిరిగాను. ఒంటిగంట. అన్నం ముట్టలేదు. రెండింటికి ఆగలేక చెప్పులేసుకుని బయల్దేరాను. మూల తిరగ్గానే గేటు కనిపించింది. బార్లా తెరిచి ఉంది. లోపల కానుగ కింద, పొగడ కింద, ఇరవై ముప్పై మంది. నేను లేకుండానే అంతా నడుస్తోంది. నిజం చెప్పాలంటే, సంతోషానికి ముందు మనసు కాస్త చివుక్కుమంది కూడా.

బెంచీ మీద కూర్చోబోతుంటే ఎవరో గదమాయించారు. నడివయసు ఆడమనిషి, కొంగు బొడ్లో దోపుకుని, రెండు చేతుల్లో రెండు ఖాళీ బిందెలు. వేషం చూస్తే నిడమనూరు వైపు రైతు మనిషిలాగుంది. నన్నెప్పుడూ చూసినట్టు లేదు.

"ఏం పెద్దాయినా, నీడ కావాల్నా? అయితే గీ బిందె తీస్కో. గీడ గదే పద్ధతి."

"నేను ఈ తోట చరిత్ర రాసినవాణ్ణమ్మా" అన్నాను. ఇంకా బుద్ధి రాలేదు.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, రెండో బిందె కూడా నా చేతిలో పెట్టింది.

"అట్లనా? అయితే రెండు పొయ్యి."

పోశాను.